మత్తు డాక్టర్ ఐసీయూకి పోతానంటే: మా బిడ్డకు ఓ ఉత్తరం

హన్మకొండ

బిడ్డా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కనుంచి మీ పెద్దమ్మ "దాన్ని ముందు తిననియ్యి" అని ఒకటే గొడవ. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఎండీ అనస్థీషియా ఈ ఏడుతో అయిపోతుంది, ఐసీయూ వైపు పోవాలని ఉంది, మూడేళ్ల కోర్సు చేయాలా, ఏడాది డిప్లొమా చాలా, వరంగల్‌లో ఉంటే నేర్చుకోవడానికి ఏముంటుంది... అన్నీ ఒక్క గుక్కలో అడిగేశావు.

కోర్సుల సంగతి ముందు తేల్చేస్తా. క్రిటికల్ కేర్‌లో, అంటే ఐసీయూ వైద్యంలో, ఎండీ పైన చేసే డిగ్రీలు డీఎం అయినా, డీఆర్‌ఎన్‌బీ అయినా మూడేళ్లు, నీట్ ఎస్‌ఎస్ ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ అని 1993లో మొదలైన సంఘం ఉంది కదా, వాళ్ల డిప్లొమా ఐడీసీసీఎం ఎండీ తర్వాత ఏడాది. చదువుగా అది మంచిదే, ప్రైవేటులో విలువ కూడా ఉంది, కానీ డీఎంతో సమానమైన డిగ్రీ కాదు. రేపు మెడికల్ కాలేజీలో ఈ విభాగంలో పాఠం చెప్పాలనుకుంటే మూడేళ్లది చేయక తప్పదు. నా మాట అడిగితే నీట్ ఎస్‌ఎస్ రాయి. ర్యాంకు రాకపోతే మాత్రం కోచింగ్ పుస్తకాలు ముందేసుకుని ఇంట్లో కూర్చోకు, బెడ్లు ఖాళీ ఉండని ఐసీయూలో డిప్లొమాకి చేరిపో. చేతికి తుప్పు పడితే వదిలించుకోవడం కష్టం. ఐసీయూ వైద్యంలో యూరప్ వాళ్లు పెట్టే ఎడిక్ పరీక్ష రెండు భాగాలు, అది తర్వాతైనా రాయొచ్చు. గుండె ఆగినవాళ్లని బతికించే శిక్షణకి ఇచ్చే ఏసీఎల్‌ఎస్ కార్డుకి గడువు రెండేళ్లే, నీది ఎప్పుడు అయిపోతుందో చూసుకో.

చేరే చోటు ఎంచుకునేటప్పుడు అద్దాల మేడని చూసి మోసపోకు. అక్కడ ఇప్పుడు చదువుతున్న పిల్లల్ని క్యాంటీన్‌లో పట్టుకుని టీ తాగించి అడుగు. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే కన్సల్టెంట్ వస్తాడా, "ఆ ఇంజెక్షన్ ఇవ్వు, పొద్దున చూద్దాం" అంటాడా? వెంటిలేటర్ పేషెంట్లు ముగ్గురికి ఒక్క సిస్టర్ ఉందా, ఒక్కొక్కరికి ఒక సిస్టర్ ఉందా? చనిపోయినవాళ్ల కేసుల మీద నెలకోసారైనా కూర్చుని మాట్లాడుకుంటారా? నా దృష్టిలో ఈ మూడో ప్రశ్నే అన్నిటికన్నా పెద్దది. చావుల గురించి మాట్లాడుకోని చోట నువ్వు నేర్చుకునేది ప్రొసీజర్లు మాత్రమే.

మత్తు డాక్టర్‌కి ఐసీయూ ఎందుకు అని ఎవరో అన్నారని బాధపడ్డావు. అసలు ఐసీయూ పుట్టిందే ఒక మత్తు డాక్టర్ ఆపరేషన్ థియేటర్ దాటి బయటికి రావడంతో. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియోతో పిల్లలు ఊపిరాడక చనిపోతుంటే బ్యోర్న్ ఇబ్సెన్ గొంతుకు గొట్టం పెట్టించి, చేత్తో బ్యాగ్ నొక్కి ఊపిరి ఇవ్వడం చూపించాడు. తర్వాత వందల మంది వైద్య విద్యార్థులు షిఫ్టులు వేసుకుని రాత్రింబవళ్లు ఆ బ్యాగులే నొక్కారు. ఆ అన్నవాళ్లకి ఇది చెప్పు.

ఇక వరంగల్‌లో ఏముంది అన్నావే, ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. ఇక్కడి పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకి నర్సంపేట, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి వచ్చే కేసులు పెద్ద నగరాల్లో చదువుకునేవాళ్లకి పుస్తకంలోనే కనిపిస్తాయి. వానాకాలం మొదలైతే పాములు, పత్తికి మందు కొట్టే రోజులు వస్తే పురుగుల మందు, ఆగస్టు దాటితే డెంగీ. కట్లపాము సంగతే చూడు. నేల మీద పడుకున్నవాళ్లని రాత్రి కరుస్తుంది, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. పొద్దున్నే కడుపునొప్పి, వాంతి అని వస్తారు. కాసేపటికి రెప్పలు వాలతాయి, మింగలేరు, ఆ తర్వాత ఊపిరి అందదు. పక్షవాతం పట్టాక విరుగుడు మందు దాన్ని అంత తేలిగ్గా వెనక్కి తేలేదు. రోజుల తరబడి వెంటిలేటర్ మీద కాపాడుకోవడమే. ఆ దశలో కనుపాపలు కూడా కదలవు, మెదడు చచ్చిపోయిందని తెలిసినవాళ్లే పొరబడతారు. కానీ మనిషికి లోపల స్పృహ ఉండొచ్చు. అందుకే ఆ మంచం దగ్గర నిలబడి "ఇంక అయిపోయినట్టే" అని ఎవరినీ అననివ్వకు, నిద్రమందు మర్చిపోకు.

పురుగుల మందు దగ్గర నేను చేసిన తప్పు చెప్తాను. చాలా ఏళ్ల కిందటి మాట, ఆ ఆసుపత్రి పేరు నీకు అనవసరం. మోనోక్రోటోఫాస్ తాగిన పత్తి రైతు. దానికి విరుగుడుగా అట్రోపిన్ లెక్క ప్రకారమే ఇచ్చాం. ఐదైదు నిమిషాలకి మోతాదు రెట్టింపు చేసుకుంటూ పోయి, ఊపిరితిత్తుల్లో గురగుర పోయి, నాడి ఎనభై దాటాక డ్రిప్‌లో పెట్టాం. రెండో రోజుకి మాట్లాడుతున్నాడు. బెడ్ కావాలని పైనుంచి ఒత్తిడి, నేనూ సరేనని వార్డుకి పంపించేశాను. మూడో రోజు రాత్రి వార్డు సిస్టర్ ఫోన్ చేసి, "సార్, నీళ్లు తాగమంటే తల లేపలేకపోతున్నాడు" అంది. అట్రోపిన్ మత్తు అయి ఉంటుందిలే అన్నాను. రెండు గంటలకి ఊపిరి ఆగింది. వార్డు మంచం మీదే, టార్చి వెలుతురులో ట్యూబ్ వేశాం. బతికాడు, అది అతని అదృష్టం. మందు తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు ముందు పడిపోతాయి, తర్వాత ఊపిరి కండరాలు. ఈ సంగతి నాకు పరీక్షలో రాసేంత బాగా తెలుసు. ఆ రాత్రి మాత్రం గుర్తుకు రాలేదు. అప్పట్నుంచి రౌండ్స్‌లో మందు తాగినవాళ్లందరినీ దిండు మీంచి తల లేపమంటాను, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో చూస్తాను. సిస్టర్ చెప్పిన మాటని కొట్టిపారేసే అలవాటు కూడా ఆ రాత్రితో పోయింది.

ఆ కేసు తర్వాతే నోట్‌బుక్‌లో ఇంకో రకంగా రాయడం మొదలుపెట్టాను. నీకు నేనిచ్చే సలహా నిజానికి ఇది ఒక్కటే, మిగతావి ఎవరైనా చెప్తారు. వెంటిలేటర్ బటన్ తిప్పే ముందు, ఫ్లూయిడ్ ఎక్కించే ముందు, బీపీ నిలబెట్టే నారడ్రినలిన్ పెంచే ముందు, "దీంతో గంటలో ఏమవుతుందనుకుంటున్నాను" అని ఒక్క లైను రాయి. గంట తర్వాత వెళ్లి ఏమైందో పక్కన రాయి. పేషెంట్ పేరు వద్దు, తేదీ, బెడ్ నంబర్ చాలు. మొదటి నెలలో సగం తప్పులు వస్తే సిగ్గుపడకు, నాకు అంతకన్నా ఎక్కువే వచ్చాయి. లీటరు సెలైన్ ఎక్కిస్తే బీపీ నిలబడుతుందని రాసుకుంటావు, గంటకి బీపీ అక్కడే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం పడిపోయి ఉంటుంది. ఆ రెండు లైన్లు పక్కపక్కన చూస్తే నీకు గుర్తుండిపోతుంది. రాసుకోకపోతే మనసు మహా తెలివైంది, "నేను ముందే అనుకున్నా" అని అబద్ధం చెప్తుంది. ఇరవై ఏళ్ల సర్వీసు ఉండి కూడా మొదటి ఏడాదిలోనే ఆగిపోయిన డాక్టర్లని నువ్వూ చూశావు కదా.

ఇంకొకటి, కోటు జేబులో దర్జీ టేపు పెట్టుకో. నవ్వకు. వెంటిలేటర్‌లో ఊపిరి ఎంత ఇవ్వాలో లెక్కపెట్టేది మనిషి బరువుతో కాదు, ఎత్తుతో. అయిదడుగుల అయిదంగుళాల మగమనిషి అరవై కిలోలున్నా తొంభై ఉన్నా ఊపిరితిత్తులు అవే. ఊపిరితిత్తులు వాచి నీరు చేరే ఏఆర్‌డీఎస్ అయితే, ఎత్తును బట్టి వచ్చే బరువుకి కిలోకి ఆరు మిల్లీలీటర్ల లెక్కన ఒక్కో ఊపిరికి ఇంచుమించు 370. దీని మీద అమెరికాలో జరిగిన పెద్ద ట్రయల్ 2000లో వచ్చింది, పన్నెండు ఇచ్చినవాళ్లలో చావులు దాదాపు 40 శాతం, ఆరు ఇచ్చినవాళ్లలో 31. కొత్త మందేమీ లేదు అందులో. అయినా చాలా చోట్ల మంచం మీద మనిషిని కొలవరు, "చూస్తే డెబ్బై ఉంటాడు" అని 500 పెట్టేస్తారు. నాకు ఇప్పటికీ కోపం వచ్చే విషయం ఇది.

అల్ట్రాసౌండ్ నేర్చుకో, రోజూ ప్రోబ్ పట్టుకో. అంతకుమించి చెప్పను, నాకన్నా నీ తరానికే బాగా వస్తుంది.

పేషెంట్ వాళ్లతో మాట్లాడటం మాత్రం ఏ కోర్సులోనూ చాలినంత నేర్పరు. పారాక్వాట్ అనే గడ్డి మందు తాగిన పిల్లాడు మొదటి రెండు రోజులు మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటాడు. తల్లి నీ చేయి పట్టుకుని "మంచిగైతడా సారూ, మాట్లాడుతుండు గదా" అంటుంది. దానికి విరుగుడు లేదని, వారం తిరిగేసరికి ఊపిరితిత్తులు గట్టిపడొచ్చని నీకు తెలుసు. అప్పుడు ఇంగ్లిష్ మాటల వెనక దాక్కోకు. కుర్చీ లాక్కుని కూర్చో. వాళ్లకి ఇప్పటిదాకా ఏం చెప్పారో ముందు అడుగు. "ప్రాణానికి ప్రమాదం ఉంది" అనే మాట వాడు, "సీరియస్" అంటే మన ఊళ్లలో జ్వరానికి కూడా అంటారు. తర్వాత నోరు మూసుకుని ఉండు, వాళ్లు ఏడ్చేంతసేపు. ఖర్చు సంగతి వాళ్లు అడగడానికి మొహమాటపడితే నువ్వే ఎత్తు, ఎకరం అమ్మాక చెప్తే ఏం లాభం? వైద్యం ఇక ఉపయోగపడదని తేలినప్పుడు ఎలా ఆపాలో సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2023లో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. రెండు మెడికల్ బోర్డుల పద్ధతి అది, చదివి పెట్టుకో. చాలామంది పెద్దలే చదవలేదు.

నైట్ డ్యూటీ నుంచి హాస్టల్‌కి స్కూటీ నడుపుకుంటూ పోకు, ఆటో ఎక్కు. మీ బాపుకి ఈ మాట చెప్పలేదు, టెన్షన్ పడతాడు.

బతుకమ్మకి వస్తావు కదా, ఒకరోజు ఎక్కువ ఉండేలా సెలవు పెట్టు. నా పాత నోట్‌బుక్‌లు పద్నాలుగు ఉన్నాయి, పైన అటక మీద. మొదటి రెండింటికి చెదలు పట్టింది. మూడోది తల లేపలేని ఆ రైతుతో మొదలవుతుంది, అక్కణ్నుంచి చదువు. టేపు నేను కొని పెట్టాను.

మీ పెద్దబాపు