ముందు పిల్లలు ఎక్కడున్నారో చూడు తల్లీ

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

టీచరుగా నీకు నాలుగో తరగతి ఇచ్చారని అమ్మ చెప్పింది. మొన్న ఫోన్లో, "ట్రైనింగులో పరిశోధనలంటూ బోలెడు చెప్పారు పెద్దమ్మా, బళ్ళో వాటితో ఏం చేయాలో తోచడం లేదు" అన్నావు. ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. చేరిన కొత్తలో నేను సిలబస్ వెంట పరుగెత్తాను. ఓ రోజు చివరి వరసలో కూర్చున్న పిల్లవాణ్ణి చదవమంటే పేజీ అంతా గడగడా చదివాడు. ముచ్చటేసి, అదే పేజీలో మధ్య వాక్యం మీద వేలుపెట్టి "ఇది చదువు నాన్నా" అన్నాను. నోరు మెదపలేదు. పక్కవాళ్ళు చదువుతుంటే విని కంఠస్థం చేశాడన్నమాట. ఆర్నెల్లుగా నా ఎదురుగా కూర్చున్న పిల్లవాడికి చదవడమే రాదని నాకు తెలియలేదు. ఇప్పటికీ తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

అందుకని పాఠాలు మొదలుపెట్టకముందే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించు. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. 2005 నుంచి, పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేవాళ్ళు ఊళ్ళలో ఇంటింటికీ వెళ్ళి చేసే పరీక్ష ఇదే. ఒకరికి ఐదు నిమిషాలు చాలు. తెలుగుకైతే పదాలను మూడు మెట్లుగా విడదీసుకో. 'పలక' చదివే పిల్ల 'చిలుక' దగ్గర తడబడుతుంది, 'చిలుక' దాటిన పిల్ల 'పుస్తకం' దగ్గర ఆగిపోతుంది. ఒకరికి గుణింతం రాలేదు, ఇంకొకరికి వత్తు రాలేదు. ఇద్దరికీ ఒకే పాఠం చెబితే ఇద్దరికీ అందదు.

ఆ తర్వాత రోజుకో గంట, ఎవరిది ఏ తరగతన్నది పక్కనపెట్టి, చదివే స్థాయిని బట్టి పిల్లల్ని కూర్చోబెట్టాలి. హర్యానాలో 2012–13లో సర్కారు బడి టీచర్లే ఇలా చేస్తే పిల్లలకు హిందీ చదవడం మెరుగుపడింది. బీహార్‌లో అదే పద్ధతి మీద టీచర్లకు శిక్షణ ఇచ్చారు, సామగ్రి పంచారు. బళ్ళో మాత్రం మార్పు కనిపించలేదు, ఎందుకంటే రోజువారీ పాఠాల్లో దానికంటూ విడిగా సమయం లేదు. టీచర్లు మళ్ళీ పాఠ్యపుస్తకంలోకే వెళ్ళిపోయారు. కాబట్టి హెడ్మాస్టరు గారితో మాట్లాడి ఆ గంటను టైంటేబుల్లో రాయించుకో. నోటిమాట మీద వదిలేస్తే రెండు వారాల్లో ఆ గంటను ఏదో ఒక రిజిస్టరు పని మింగేస్తుంది.

ఇంకొకటి మన దగ్గరే జరిగింది. 2005–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు వంద పల్లెబడుల్లో పిల్లలకు పరీక్షలు పెట్టించి, ఎవరెక్కడ వెనకబడ్డారో టీచర్లకు వివరంగా రిపోర్టులు ఇప్పించారు. పరిశీలకులు వచ్చి చూసినప్పుడు ఆ టీచర్లు మిగతా బడులవాళ్ళకంటే ఎక్కువ శ్రమపడుతూ కనిపించారు. ఏడాది చివర చూస్తే పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. ఇది చదివినప్పుడు నా బీరువాలో దుమ్ము పట్టిన కాగితాలు గుర్తొచ్చాయి. నువ్వు రాసుకునే స్థాయిల జాబితా అలా కాకూడదమ్మా. దాన్ని చూసే రేపటి పాఠం రాసుకో.

పాఠం చెప్పాక మళ్ళీ మళ్ళీ చదివించడం కంటే పుస్తకం మూయించి అడగడం మేలు. రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో కాలేజీ విద్యార్థులతో ఇది చేసి చూశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండోసారి చదివినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత అడిగితే వాళ్ళకు 42 శాతమే గుర్తుంది, చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంది. మా చిన్నప్పుడు మాస్టారు పాఠం అప్పజెప్పించుకునేవారు కదా, అందులో ఉన్న బలం ఇదే. కాకపోతే నువ్వు ఉన్నదున్నట్టు అప్పజెప్పమనకు. సొంత మాటల్లో చెప్పించు. నిన్నటి పాఠంలోంచి రెండు ప్రశ్నలు, పోయిన వారం పాఠంలోంచి ఒకటి, రోజూ పొద్దున్నే అడుగు. మార్కులు వేయొద్దు, భయపడతారు.

ఈ చివరిది పెద్దపిల్లల మీద చేసిన ప్రయోగం కదా అని నీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. అందుకే నీ తరగతిలో నువ్వు చూసుకోవాలి. ఒక నోటుబుక్కులో ప్రతి పిల్లకీ ఒక పేజీ పెట్టి, తేదీ వేసి, ఏ మెట్టు మీద ఉందో రాయి. ఆరు వారాలకోసారి అదే పరీక్ష, చదవడానికి మాత్రం వేరే పేరా, వేరే కథ. వయసుతోపాటు పిల్లలు ఎలాగూ కొంత నేర్చుకుంటారు. అదంతా నీ పద్ధతి గొప్పే అనుకోకుండా పక్క సెక్షన్ టీచరు ఒప్పుకుంటే ఆ పిల్లలకీ అదే రోజు చదివించి చూడు. పరీక్ష రోజు రానివాళ్ళను వదిలేయకు. తరచూ బడి మానేది వెనకబడ్డ పిల్లలే, వాళ్ళు లేకపోతే లెక్క బాగున్నట్టే కనిపిస్తుంది. మర్నాడైనా, మధ్యాహ్నం అన్నాలయ్యాకైనా పిలిచి చదివించు.

దసరాకి వస్తావుగా. ఆ నోటుబుక్కు సంచిలో పెట్టుకుని రా. ముందు కదలని పిల్లల పేజీలు తీద్దాం.

నీ పెద్దమ్మ