చెమట పట్టని చిట్టెలుక నేర్పిన సంగతి

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. వాడికి చెమట పట్టదు. ఎండాకాలం వస్తే ఒళ్లు పెనంలా కాలిపోతుంది. పైదవడకు రెండే పళ్లు వచ్చాయి, అవి కూడా మొనదేలి ఉన్నాయి. జుట్టు బాగా పలచన. డాక్టరు గారు ఎక్టోడర్మల్ డిస్ప్లేసియా అన్నారు. ఇదే జబ్బున్న చిట్టెలుకలకు సూదిమందుతో నయమైందని చదివాను. నిజమేనా? నిజమైతే మా వాడికి ఎందుకు ఇవ్వరు?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: నిజమేనమ్మా. చిట్టెలుకల చర్మాన్ని సూక్ష్మదర్శిని కింద చూడటమే నా ఉద్యోగ జీవితమంతా చేసిన పని. అందుకే మీకు కొంచెం వివరంగా రాస్తాను.

ఆ చిట్టెలుక పేరు టాబీ. 1953లో బ్రిటన్‌లో జన్యుశాస్త్రవేత్త డగ్లస్ ఫాల్కనర్ దాన్ని వర్ణించారు. చెవుల వెనుక బోడిగా ఉంటుంది, తోక మీద వెంట్రుకలుండవు, తోక కొస వంకర తిరుగుతుంది, దవడ పళ్లు చిన్నవిగా వస్తాయి. చిట్టెలుకకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. దాని స్వేద గ్రంథులన్నీ అరికాళ్ల మెత్తల్లోనే ఉంటాయి. ఆ అరికాలికి అయోడిన్ పూసి, ఆరాక స్టార్చ్ కలిపిన నూనె రాస్తే, చెమట రంధ్రం ఉన్న ప్రతిచోటా నల్లని చుక్క తేలుతుంది. టాబీ అరికాలి మీద ఒక్క చుక్క కూడా రాదు. ఎన్నిసార్లు చూసినా నాకు మనసు చివుక్కుమనేది.

మనుషుల్లో ఈ జబ్బుకు కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉందని 1996లో తేలింది. టాబీలో చెడినదీ అదే జన్యువని మరుసటి ఏడాదే తెలిసింది. ఎక్టోడిస్ప్లాసిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేయడం దాని పని. గర్భంలో శిశువు చర్మపు పైపొర కొన్నిచోట్ల లోపలికి కుంగి పన్ను, వెంట్రుక, చెమట గ్రంథి అవుతుంది. అందుకు అందవలసిన సంకేతం ఈ ప్రోటీనే. దీన్ని మరోవైపు నుంచి కూడా పరీక్షించారు. చర్మంలో ఈ ప్రోటీన్ ఎక్కువగా తయారయ్యేలా జన్యువును అదనంగా చొప్పించిన చిట్టెలుకలకు అదనపు పళ్లు, అదనపు చనుమొనలు వచ్చాయి, వెంట్రుకలు పొడుగ్గా పెరిగాయి. ప్రయోగశాలలో జన్యువులు మార్చిన చిట్టెలుకల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఇదే. ఒకే సంకేతం తగ్గితే ఏమవుతుందో, పెరిగితే ఏమవుతుందో రెండూ కంటికి కనిపిస్తాయి.

మన ఉపఖండానికి ఈ జబ్బుతో పాత సంబంధమే ఉంది. సింధ్ ప్రాంతంలోని ఒక హిందూ కుటుంబం గురించి చార్లెస్ డార్విన్ 1875లో రాశారు. ఆ ఇంట్లో నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్లకు కొద్దిపాటి పళ్లే ఉండేవి, ఒంటి మీద వెంట్రుకలు బహుస్వల్పం, ఎండాకాలంలో చర్మం పొడిబారి చాలా బాధపడేవారు. కూతుళ్లకు ఆ జబ్బు రాలేదు, వాళ్ల కొడుకులకు మాత్రం వచ్చింది. జన్యువు అనే మాట కూడా లేని రోజుల్లో చేసిన పరిశీలన అది. మీ అన్నదమ్ములకు, మేనమామలకు పళ్లు ఎలా ఉండేవో ఒకసారి అడిగి చూడండి. మీరు రాసిన లక్షణాలు ఎక్స్ క్రోమోజోము మీది జన్యువు చెడి వచ్చే ఈ రకానికే సరిపోతున్నాయి. అయితే ఖాయం చేయవలసింది జన్యు పరీక్షే.

ఇక మందు సంగతి. 2003లో స్విట్జర్లాండ్‌లో పాస్కల్ ష్నైడర్ బృందం ఈ ప్రోటీన్‌ను మాయ దాటి పిల్లలకు చేరేలా తయారుచేసి, గర్భంతో ఉన్న టాబీలకు ఎక్కించింది. పుట్టిన పిల్లలకు వెంట్రుకలు, పళ్లు, చెమట వచ్చాయి, జీవితాంతం నిలిచాయి. పుట్టిన తర్వాత ఇచ్చినా చెమట గ్రంథులు ఏర్పడ్డాయి. దాంతో ఈ జబ్బుతో పుట్టిన బాబులకు మొదటి రోజుల్లోనే ఇచ్చి చూశారు. ఆశించిన ఫలితం రాలేదు. ఎందుకో ఆలోచించండి. చిట్టెలుక మూడు వారాలైనా నిండకుండానే ప్రసవిస్తుంది. కళ్లు తెరవని, ఒంటి మీద వెంట్రుక లేని ఆ కూనకు అరికాలి గ్రంథులు అప్పుడప్పుడే తయారవుతుంటాయి. మనిషి బిడ్డలో ఆ పని తల్లి కడుపులోనే అయిపోతుంది. మందు సరైనదే, వేళ దాటింది.

ఆ తర్వాత జర్మనీలోని ఎర్లాంగెన్‌లో వైద్యులు ఒక తల్లి గర్భంలోని కవలలకు 26వ వారంలో, 31వ వారంలో ఉమ్మనీటిలోకి ఈ ప్రోటీన్ ఇచ్చారు. 2018లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆ పిల్లలకు మామూలు పిల్లల్లాగే చెమట పట్టింది. మరికొందరు గర్భిణులతో పెద్ద పరీక్ష కూడా మొదలైంది.

కాబట్టి అమ్మా, నాలుగేళ్ల మీ బాబుకు ఆ మందు పనిచేయదు. మీకు ఆశ కల్పించి మభ్యపెట్టడం నాకు ఇష్టం లేదు. చేయగలిగింది మాత్రం చాలా ఉంది. బయటికి పంపేటప్పుడు చొక్కా తడిపి వేయండి, నీళ్లు చిమ్మే సీసా ఒకటి సంచిలో ఉంచండి, బడిలో వాడిని ఫ్యాను కింద, నీడలో కూర్చోబెట్టమని రాసి ఇవ్వండి. ఎండవేడికి ఒళ్లు కాలితే జ్వరం మాత్ర దాన్ని దించలేదు, ఒంటిని చల్లబరచాలి. చల్లబరిచినా తగ్గకపోతే, మగతగా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కట్టుడు పళ్ల కోసం పిల్లల దంతవైద్యుల దగ్గరికి ఇప్పుడే వెళ్లవచ్చు, వాడు పెరిగేకొద్దీ మార్పించాలి. హైదరాబాదులో నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగంలో సలహా దొరుకుతుంది. మళ్లీ బిడ్డను కనాలనుకుంటే గర్భం రాకముందే అక్కడికి వెళ్లండి. జన్యువులోని ఆ లోపం మీలో ఉంటే పుట్టే ప్రతి కొడుకుకూ ఈ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం ఉంటుంది. ఇందులో మీరు చేసిన తప్పు ఏమీ లేదు. ఇంట్లో ఎవరైనా అలా అంటే ఈ జవాబు చూపించండి.

ప్రశ్న: నేను పరిశోధక విద్యార్థిని. మేము ఒక జన్యువును తొలగించిన నల్ల చిట్టెలుకల వీపు గొరిగితే అక్కడక్కడా నల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. మామూలు వాటి చర్మం గులాబీ రంగులో ఉంది. మచ్చలున్నచోట చర్మం మందం కూడా ఎక్కువ. ఇది కొత్త లక్షణమేనా?
– విశాఖపట్నం

జవాబు: వాటి వయసు ఎంతో మీరు రాయలేదు. నా మొదటి అనుమానం అక్కడే. నల్ల చిట్టెలుక వీపు చర్మంలో రంగు దాదాపు అంతా పెరుగుతున్న వెంట్రుకల కుదుళ్లలోనే ఉంటుంది. వెంట్రుకలు విశ్రాంతిలో ఉంటే చర్మం గులాబీగా, పెరిగే దశలో నల్లగా కనిపిస్తుంది. పెరిగే దశలో చర్మం మందమూ పెరుగుతుంది. పుట్టిన మూడు వారాలకు మొదటి విశ్రాంతి, నాలుగో వారంలో మళ్లీ పెరుగుదల, ఏడో వారానికి రెండో విశ్రాంతి. ఈ రెండోది చాలా వారాలు సాగుతుంది, ఆ తర్వాత పెరుగుదల మచ్చలు మచ్చలుగా మొదలవుతుంది. గాయం తగిలినా అక్కడ ముందే మొదలవుతుంది. గొరిగేటప్పుడు చర్మం గీసుకుపోయిందేమో చూడండి.

అందువల్ల ఒకే ఈతలో పుట్టిన, ఒకే లింగానికి చెందిన వాటిని, ఒకే రోజున, వీపు మీద ఒకే చోట పోల్చండి. చర్మపు ముక్కను వెంట్రుకలు వాలిన దిశలో నిలువుగా కోయించండి, అడ్డంగా కోస్తే ఏ చర్మమైనా మందంగానే కనిపిస్తుంది. తర్వాత రంజనాలు, అంటే ఒక్కో ప్రోటీన్ ఎక్కడుందో రంగుతో చూపే పరీక్షలు చేయండి. చర్మపు ప్రోటీన్లలో కెరటిన్ 14 అడుగు పొరలో, కెరటిన్ 10 దానిపైన, లోరిక్రిన్ ఇంకా పైన ఉండాలి. ఆ వరుస చెదిరినా, వెంట్రుకల మధ్య చర్మంలో కెరటిన్ 6 కనిపించినా అప్పుడు మీ గైడు గారికి గట్టిగా చెప్పండి.

ఇంకొక మాట. యానిమల్ హౌస్‌లో ముఖం మీద వెంట్రుకలు, మీసాలు పోయినవి కనిపిస్తే ఆ పంజరంలో మీసాలు చెక్కుచెదరని ఒక చిట్టెలుక ఉందేమో చూడండి. తోటివాటి వెంట్రుకలు కొరికేది అదే. పుండ్లు కనిపిస్తే ఫొటో తీసుకుని వారం ఆగవద్దు, ఆ రోజే పశువైద్యుడికి చెప్పండి. ఆ ప్రాణి నొప్పి మీ ప్రయోగంకన్నా ముందు.

ప్రశ్న: క్యాన్సర్ పరిశోధనలో బోడి చిట్టెలుకలనే ఎందుకు వాడతారు? వెంట్రుకలకూ క్యాన్సర్‌కూ ఏమిటి సంబంధం?
– ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: నేరుగా ఏ సంబంధమూ లేదు. 1962లో గ్లాస్గోలో కనిపించిన ఈ చిట్టెలుకలో ఫాక్స్ఎన్1 అనే జన్యువు చెడింది. వెంట్రుక సరిగ్గా తయారు కావడానికీ, ఛాతీలోని థైమస్ గ్రంథి ఎదగడానికీ అదే కావాలి, రెండూ ఉపకళ కణాల (అవయవాల పొరలను కప్పే కణాల) పనే. థైమస్ లేకపోతే టి కణాలు, అంటే పరాయి కణాలను గుర్తించి ఎదిరించే తెల్ల రక్తకణాలు, తయారు కావు. అందుకే అది మనిషి క్యాన్సర్ గడ్డను నాటినా తిప్పికొట్టలేదు. డెన్మార్క్ పరిశోధకులు 1969లో ఈ సంగతి నిరూపించారు. ఇదే జన్యువు చెడి, జుట్టు లేకుండా, రోగనిరోధక శక్తి లేకుండా పుట్టే పిల్లలు కూడా అరుదుగా ఉంటారు. అలాంటి ఇద్దరికి థైమస్ కణజాలం నాటి వైద్యం చేసినట్టు 2011లో ప్రచురించారు. దాంతో టి కణాలు వచ్చాయి. జుట్టు లోపం రోమకూపాల్లోనే ఉంది కాబట్టి దాన్ని ఆ వైద్యం సరిచేయలేదు.