రివాల్వర్ కొనేముందు నీ చూపుడువేలిని అడుగు

చిరంజీవి లహరికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. షూటింగ్ రేంజిలో నలుగురి రివాల్వర్లూ పట్టుకుని చూశాననీ, ఒకటి మాత్రం చేతిలో ఇట్టే ఇమిడిపోయిందనీ, అదే కొందామనుకుంటున్నాననీ రాశావు. ఆ ఇమిడిపోవడం దగ్గరే నాకు అనుమానం. కూర్చుని తొడుక్కున్నప్పుడు ఏ చెప్పయినా బాగానే ఉంటుంది, నాలుగడుగులు నడిచాకే కరుస్తుంది. రివాల్వర్ కూడా ఊరికే పట్టుకున్నంతసేపూ ముద్దుగానే ఉంటుంది. ట్రిగ్గర్ లాగినప్పుడు దాని అసలు సంగతి బయటపడుతుంది.

ఎందుకంటే, హ్యామర్ (వెనక ఉండే, తూటాను పేల్చే సుత్తి) ముందే ఎత్తిపెట్టి పేలిస్తే ట్రిగ్గర్ కిలోన్నర, మహా అయితే 2 కిలోల బలానికి కదిలిపోతుంది. హ్యామర్ ఎత్తకుండా ఒకే లాగుడులో పేల్చే డబుల్ యాక్షన్‌లో మామూలుగా 5 కిలోల దాకా కావాలి. చేతిలో ఉన్నదేమో కిలో బరువు. కిలో వస్తువును కదలకుండా పట్టుకుని, దానిమీదే 5 కిలోల బలం పెట్టాలన్నమాట. వేలు సరిగ్గా అందకపోతే ట్రిగ్గర్‌తో పాటు రివాల్వరే తిరిగిపోతుంది.

అందుకని పిడి అరచేతిలో ఎలా ఉందన్నది తర్వాత చూసుకో, ముందు చూపుడువేలు చూడు. ఏ రివాల్వర్ చేతికి వచ్చినా తూటాల గదులుండే సిలిండర్ తెరిచి అన్ని గదులూ ఖాళీయేనని కళ్ళతో చూసి, వేలితో తడిమి, మూతిని సురక్షితమైన వైపే ఉంచు. ఇప్పుడే చూపించారుగా అనుకోకు, మళ్ళీ చూడు. దగ్గర్లో తూటాలు ఉండకూడదు. ఆ తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందును పిడి వెనకంచు మీద వీలైనంత పైకి పెట్టు. హ్యామర్ కదలికకు అడ్డం రాకపోతే చాలు. పైనుంచి చూస్తే బ్యారెల్, మణికట్టు, ముంజేయి ఒకే గీతలో కనిపించాలి. ఆ గీత చెదరకుండా చూపుడువేలు ట్రిగ్గర్ మీద పెట్టు.

ఎక్కడ ఆనింది? కొసన ఉన్న మెత్తకూ మొదటి కణుపు గీతకూ మధ్య ఎక్కడ ఆనినా నీ చేతికి సరిపోయినట్టే. డబుల్ యాక్షన్ ఎక్కువగా కొట్టేవాళ్ళలో చాలామంది ఆ గీతే ఆనాలంటారు, నాదీ అదే మాట. ఉత్త వేలికొస మాత్రమే అందితే ఫ్రేము, అంటే రివాల్వర్ లోహపు చట్రం, నీకు పెద్దది. రెండో కణుపు దాకా దూరిపోయి, లాగినప్పుడు వేలికొస వెళ్ళి బొటనవేలిని గుద్దుకుంటుంటే చిన్నది. ఇంకో సంగతి, వేలి మొదలు ఫ్రేముకు అతుక్కోకుండా సన్నని సందు ఉండాలి. అతుక్కుంటే లాగిన ప్రతిసారీ ఫ్రేమును పక్కకు నెడుతుంది.

వేలు అందనప్పుడు ప్రతివాళ్ళూ తెలియకుండానే ఒక దొంగపని చేస్తారు. పిడిని చేతిలో కొంచెం తిప్పేసి వేలిని ముందుకు తెస్తారు. ట్రిగ్గర్ అందుతుంది, కానీ పిడి వెనకంచు అరచేతి సందులోంచి జారి బొటనవేలి మొదటి ఎముక మీదికి వస్తుంది. ఆ తర్వాత తన్నే ప్రతి తన్నూ ఆ ఎముకకే. ఇది ఎవరో చెప్పింది కాదు. నా మొదటి రివాల్వర్ .44 మ్యాగ్నం, అంటే చాలా బలమైన తూటాది. నా చేతులు ఎంతటివో నీకు తెలుసు, మీ పెద్దమ్మ గాజులు నాకు దాదాపు పడతాయి. ఎవరి మాటా వినకుండా, పెద్దదైతే గొప్ప అనుకుని కొన్నాను. 20 తూటాలు కొట్టేసరికి బొటనవేలి మొదలు నేరేడుపండులా కమిలింది. అంతకన్నా చెడ్డది, పేలకముందే కళ్ళు మూసుకునే అలవాటు పట్టుకుంది. నొప్పి వారంలో పోయింది, అలవాటు వదిలించుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

ఫ్రేముల సైజులకు అందరూ వాడే అక్షరాలు స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళవి. వేరే కంపెనీ రివాల్వర్ గురించి చెప్పేటప్పుడు కూడా "కె అంత ఉంటుంది" అంటారు కాబట్టి నీకూ తెలియాలి. జె అన్నిటికన్నా చిన్నది. 1950లో వచ్చిన చీఫ్స్ స్పెషల్‌తో మొదలైంది, .38 రకం తూటాలు అయిదు పడతాయి. కె మధ్యరకం, ఆరు తూటాలది, దాని వంశం 1899 నాటి మిలిటరీ అండ్ పోలీస్ మోడల్ నుంచి వస్తోంది. ఎన్ పెద్దది. 1935లో .357 మ్యాగ్నం వచ్చింది దాని మీదే, .44 మ్యాగ్నం కూడా దాని మీదే. ఎల్ అన్నది 1980 ప్రాంతంలో వచ్చింది. అందులో ఒక తెలివి ఉంది: సిలిండర్, ముందుభాగం లావు చేశారు గానీ పిడి ఎముకను (పిడిచెక్కల లోపలి లోహాన్ని) మాత్రం కె కొలతలోనే ఉంచారు. అందుకే కె పిడిచెక్కలు ఎల్‌కు పడతాయి. మ్యాగ్నం తన్నును తట్టుకునే బరువు కావాలి, చెయ్యేమో మధ్యరకం అనేవాళ్ళకు అది బాగా పనికొచ్చింది.

చిన్న చేతికి జె అని దుకాణాల్లో చెప్తారు. నమ్మకు. వేలు అందుతుంది, నిజమే. కానీ ఉక్కుదైతే అరకిలో పైన కొంచెం, అల్యూమినియం ఫ్రేముదైతే నాలుగు వందల గ్రాముల చిల్లర ఉంటుంది. అంత తేలికైనది గట్టిగా తంతుంది, ట్రిగ్గరు కూడా తరచు బిరుసుగా ఉంటుంది. చిటికెనవేలు పట్టుకోవడానికి చోటు లేక కింద గాలిలో వేలాడుతుంది. చిన్న రివాల్వర్ చేయి తిరిగినవాళ్ళది. నేర్చుకునేవాళ్ళకు నాలుగంగుళాల బ్యారెల్ ఉన్న కె లాంటిది, దాదాపు కిలో బరువుది, సన్నని పిడితో చాలు. అది .357ది అయినా నువ్వు అందులో .38 స్పెషలే కొట్టు. .357లో .38 పడుతుంది, పేలుతుంది. .38 రివాల్వర్‌లో .357 మాత్రం ఎన్నడూ కుదరదు.

ఇక పిడి సంగతి. ఫ్రేమును కొన్నాక మార్చలేవు, పిడిని ఎన్నిసార్లయినా మార్చవచ్చు. అందుకే వేలితో ఫ్రేమును తేల్చుకుని, మిగిలిన చిన్నచిన్న తేడాలను పిడితో సరిచేసుకోమంటున్నాను. పిడిచెక్కలు రెండు రకాలు. వెనకంచు లోహం బయటకు కనిపించేవి ఒకటి, దాన్ని కూడా కప్పేసేవి రెండోది. కప్పేసే రబ్బరు తన్నును మెత్తబరుస్తుంది, కానీ ఆ మందం అంతా వేలికీ ట్రిగ్గర్‌కీ మధ్య దూరంలో కలుస్తుంది. నీ వేళ్ళకు వెనకంచు తెరిచి ఉన్నదే మేలు. రూగర్ జీపీ100 లాంటి వాటిలో పిడి లోపల ఫ్రేము ఎముకకు బదులు చిన్న మేకులాంటి కాడ మాత్రమే ఉంటుంది, కాబట్టి పిడి ఆకారాన్ని ఎటైనా మార్చుకోవచ్చు.

ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు వెనక, పిడి ముందంచు పైన ఒక గుంట ఉంటుంది చూడు. పాతకాలపు సన్నని చెక్కల్లో అది ఖాళీగానే వదిలేసేవారు. పేలినప్పుడల్లా గార్డు వచ్చి నడిమివేలి కణుపు మీద కొడుతుంది. ఆ గుంట నిండి ఉన్న పిడి చూసుకో, లేదా అక్కడ తగిలించే చిన్న లోహపు ముక్క దొరుకుతుంది, అది పెట్టించుకో. చూడ్డానికి అల్పమైన విషయం, నా దృష్టిలో మాత్రం పిడిలో సగం సుఖం అక్కడే ఉంది.

వేళ్ళకు గాడులు చెక్కిన పిడి ముచ్చటపడి కొనకు. ఆ గాడులు ఎవరి వేళ్ళ కొలతకు చెక్కారో, గట్టు వచ్చి నీ వేలి కిందే నిలబడుతుంది. నేనూ ఒకటి కొన్నాను. నెల రోజులు వేళ్ళను దానికి అలవాటు చేద్దామని చూసి, చివరికి ఒక సాయంత్రం ఉప్పుకాగితం తీసుకుని ఆ గట్లన్నీ నున్నగా అరగదీశాను. మంచి కర్ర పాడు చేశానని మీ పెద్దమ్మ సణిగింది గానీ, ఆ పిడే ఇప్పటికీ నా రివాల్వర్‌కు ఉంది. ఎడమవైపు చెక్క పైభాగం కొంచెం చెక్కి ఉందో లేదో కూడా చూడు. లేకపోతే తూటాలన్నీ ఒకేసారి దింపే స్పీడ్‌లోడర్ దానికి తట్టుకుంటుంది, ఖాళీ తొడుగులూ అక్కడే ఇరుక్కుంటాయి.

1873 నాటి కోల్ట్ తరహా సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్ ఎత్తి పేల్చే) రివాల్వర్ల మీద మనసు పడితే ఈ లెక్కలు వేరు. ఆ వంకర పిడి తన్నినప్పుడు చేతిలో పైకి దొర్లిపోవాలనే ఉంటుంది, దాన్ని బిగించి ఆపకూడదు. దాని గురించి ఇంకోసారి.

రెండు చేతులతో పట్టుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. పిస్తోలు పట్టినట్టు బొటనవేళ్ళు ముందుకు చాపకు. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఉన్న సందులోంచి వేడి వాయువు, సీసపు తునకలు పక్కలకు చిమ్ముతాయి. మ్యాగ్నం అయితే వేలు కోసుకుపోతుంది. ఒక బొటనవేలి మీద రెండోది వేసి కిందికి వంచి పెట్టుకో.

నువ్వు చూసినదాన్ని ఇంకోసారి అడిగి, గదుల్లో మందు లేని డమ్మీ తూటాలు వేసి, కళ్ళు మూసుకుని పైకెత్తి, కళ్ళు తెరిచి చూడు. గురి చూసే రెండు సైట్లూ వాటంతట అవే వరుసలో ఉన్నాయా? డబుల్ యాక్షన్‌లో పాతికసార్లు లాగు. చివరి అయిదింటిలో ముందు సైటు వణుకుతోందా, చెయ్యి పిడి మీద జారిందా గమనించు. మొదటి అయిదు ఎవరికైనా బాగానే వస్తాయి.

తర్వాత సిలిండర్ తెరిచి ఖాళీ చేసి, పట్టుకున్న చేతిని పైనుంచి ఒక ఫోటో తీయించి పంపు. ముంజేయి కూడా కనిపించాలి. సిలిండర్ మూసి ఉన్న ఫోటో వస్తే పట్టు చూడను, ముందు దానికే తిడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న