తాబేలు మీద మోజున్నా, చేపతోనే మొదలెట్టాలి

ప్రశ్న: మా అమ్మాయి బరంపురంలో బీఎస్సీ జువాలజీ ఆఖరి ఏడు చదువుతోంది. చేపలు, తాబేళ్ల ఒంట్లో కొవ్వును, ఎదుగుదలను సెక్స్ హార్మోన్లు ఎలా మారుస్తాయో పరిశోధన చేస్తానంటోంది. దీంతో బతుకుతెరువు దొరుకుతుందా? – ఓ తండ్రి, గంజాం జిల్లా

జవాబు: దొరుకుతుందండీ, చేపతో అయితే. రుషికుల్య తీరం మీకు దగ్గరే గానీ, అక్కడ గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. పరిశోధన కోసం ముట్టుకోవాలన్నా అనుమతి కావాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టును దానికి ముడిపెట్టొద్దు.

అసలు సూత్రం చేపలోనూ తాబేల్లోనూ ఒకటే. ఆడదానిలో ఈస్ట్రడయాల్ అనే ఆడ హార్మోన్ పెరిగితే కాలేయం విటెల్లోజెనిన్ అనే ప్రొటీన్ తయారీకి దిగుతుంది. గుడ్డు సొనకు ముడిసరుకు అదే. తిన్న తిండీ, దాచిన కొవ్వూ అటు పోతే కండ వెనకబడుతుంది. అందుకే తిలాపియా చేపల హేచరీల్లో (పిల్లల్ని పుట్టించే కేంద్రాల్లో) పిల్లలకు కిలో మేతకు 60 మిల్లీగ్రాముల మిథైల్‌టెస్టోస్టిరోన్ అనే మగ హార్మోన్ మందు కలిపి 21 నుంచి 28 రోజులు పెట్టి మగవిగా మారుస్తారు. ఆలస్యంగా మొదలెడితే లింగం అప్పటికే ఖాయమైపోతుంది. మోతాదు మరీ మించితే కొంత మందు ఈస్ట్రోజన్‌గా, అంటే ఆడ హార్మోన్‌గా మారి ఫలితం తిరగబడొచ్చు కూడా.

ప్రాజెక్టుకు రోహు వద్దు. అది వానాకాలంలో గుడ్లకొస్తుంది, ప్రాజెక్టు పని వేసవికే ముగుస్తుంది. తిలాపియా దాదాపు ఏడాది పొడవునా గుడ్లు పెడుతుంది. హార్మోన్లు కొలవడానికి వలలో పడిన 3 నిమిషాల్లోపే తోక దగ్గర నెత్తురు తీయాలి. ఆలస్యమైతే భయానికి కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్), గ్లూకోజ్ పెరిగి అంకెలు చెడిపోతాయి. సొన ముడిసరుకు తయారుచేసేది కాలేయమే కాబట్టి దాని బరువూ చూడాలి, ఫిల్టర్ పేపర్‌తో తడి అద్ది తూచాలి. 2 గ్రాముల కాలేయానికి 0.2 గ్రాముల తడి అంటుకుంటే పది శాతం తప్పు వచ్చినట్టే! ఆడా మగా కలిపి సగటు తీస్తే తేడా కనపడకుండా పోతుంది.

ఇక దారి. రంగైలుండ ఫిషరీస్ కాలేజీ పక్కనే ఉందని ఎంఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్ పీజీ) మీద ఆశ పెట్టుకోకండి, దానికి సాధారణంగా బీఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) చదివి ఉండాలి. సీయూఈటీ-పీజీ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీ జువాలజీలో చేరి, తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష లైఫ్ సైన్సెస్‌లో రాయాలి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి 2 ఏళ్లు నెలకు 37,000 రూపాయలు. హేచరీలు, మేత కంపెనీలు ఎమ్మెస్సీతోనే తీసుకుంటాయి, జీతం మాత్రం చిన్నదిగా మొదలవుతుంది. ఒడిశా ప్రభుత్వ కొలువు కావాలంటే ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. అమ్మాయి తెలుగు మీడియంలో చదివి ఉంటే ఆ పరీక్ష ఇప్పుడే రాయించేయండి.