ఒంట్లో ఫంగస్ ఉందో లేదో చెప్పే తేలికైన రక్తపరీక్ష ఉందా?

ఉంది. కాకపోతే అన్ని ఫంగస్‌లనూ పట్టే ఒకే పరీక్ష అంటూ లేదు. ఒడిశాలోని మా రాయగడలో ఏ జ్వరమొచ్చినా "ఫుల్ బాడీ ప్యాకేజీ" చేయించుకోమంటారు. అందులో థైరాయిడ్ ఉంటుంది, విటమిన్ డి ఉంటుంది, ఫంగస్ మాత్రం ఉండదు.

మా చిన్నాన్నకి ఎప్పుడో టీబీ వచ్చి, మందులు పూర్తిగా వాడాక తగ్గింది. కొన్నేళ్లకు మళ్లీ దగ్గు, నీరసం. మనిషి చిక్కిపోయాడు. ఒకరోజు తెల్లారి దగ్గితే రక్తం పడింది. పిన్నికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇక్కడ చూపిస్తే కఫంలో టీబీ లేదనే వచ్చింది. అయినా ఎక్స్‌రేలో మచ్చ చూసి మళ్లీ టీబీ మందులే మొదలుపెట్టారు. నెలలు గడిచాయి గానీ రక్తం ఆగలేదు. చివరికి రైలెక్కించి విశాఖ తీసుకెళ్లాం. అక్కడి ఛాతీ డాక్టర్ సీటీ చూసి, "పాత టీబీ చేసిన గొయ్యిలో ఫంగస్ ఉండకట్టినట్టుందండీ, రక్తం ఇవ్వండి" అన్నారు. చేసింది ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ పరీక్ష. ఆ ఫంగస్ మీద ఒంట్లో యాంటీబాడీలు ఎంత తయారయ్యాయో చెబుతుంది. ఒక ట్యూబు రక్తం, అంతే. చాలా ఎక్కువ వచ్చింది. టీబీ మందులు ఆపించి, ఫంగస్‌కి వాడే ఇట్రాకొనజోల్ రాశారు. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వాడుతుంటే ఇట్రాకొనజోల్ ఒంట్లో నిలవదు, కాబట్టి రెండూ కలిపి వాడటం కుదరదు.

ఒక్క ట్యూబు రక్తం కోసం రాష్ట్రం దాటాలా? 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా ఇచ్చి, ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్‌ని పై వరుసలోనే పెట్టింది. మా వైపు టీబీ తిరగబెట్టిందని మందులు మింగుతున్నవాళ్లలో చాలామందికి అసలు రోగం ఇదేనని నా గట్టి నమ్మకం.

అసలు తేలికైన పరీక్షంటే క్రిప్టోకాకస్ అనే ఇంకో ఫంగస్‌ది. హెచ్‌ఐవీ ఉండి సీడీ4 (రోగాన్ని ఎదుర్కొనే రక్తకణాల లెక్క) బాగా పడిపోయినవాళ్లకి చేస్తారు. వేలి నుంచి రక్తం తీసి పట్టీతో చూస్తే పది నిమిషాల్లో తేలుతుంది, మెషీన్ అక్కర్లేదు. మెదడు పొరలకు పాకకముందే దొరికిపోతుంది. ఇది ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండి తీరాలి.

ఐసీయూలో ఉన్నవాళ్లకి బీటా డి గ్లూకాన్, గాలక్టోమన్నన్ అనే పరీక్షలు చేస్తారు. ఫంగస్ గోడలో ఉండే పదార్థాలు రక్తంలో ఉన్నాయేమో ఇవి చూస్తాయి. కాండిడా అనే ఫంగస్ అనుమానమైతే బ్లడ్ కల్చర్ (రక్తంలో ఫంగస్ పెరుగుతుందేమో చూడటం) పెడతారు గానీ, అది దాదాపు సగం కేసుల్ని పట్టుకోలేదు. 2021లో హడలెత్తించిన బ్లాక్ ఫంగస్ ఈ రక్తపరీక్షల్లో కనబడదు. దానికి ముక్కులోంచి ముక్క తీసి చూడాల్సిందే.

మీ ఇంట్లో టీబీ తగ్గినవాళ్లకి మళ్లీ దగ్గు మొదలై, కఫంలో ఏమీ రాకపోతే ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ అని పేరు పెట్టి డాక్టర్‌ని అడగండి. పాత ఎక్స్‌రేలు పారేయకండి. పిన్ని అన్నీ దాచబట్టే చిన్నాన్న ఊపిరితిత్తిలో గొయ్యి ఎప్పటిదో డాక్టర్‌కి తెలిసింది.