హాలోవీన్ పెయింటింగ్ గురించి అడిగిన చెల్లికి, బూడిద చందమామ అక్క జవాబు

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. ఆగస్టులో అమెరికాలో దిగావు, పాపకి ఆరేళ్లు, బాబుకి నాలుగు, మీ ఆయన సోమవారం పొద్దున క్లయింట్ దగ్గరికి పోతే మళ్లీ గురువారం రాత్రికే ఇంటికి, పిల్లలతో హాలోవీన్‌కి (అదే, అక్టోబరు 31న ఇక్కడ పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడిగే పండక్కి) దెయ్యాల కొంప బొమ్మ అక్రిలిక్ రంగులతో వేయిద్దామనుకుంటున్నావు, ఏం కొనాలో తెలీదు, పైగా దెయ్యం బొమ్మ గోడకి పెడితే వీడియో కాల్లో అత్తగారు చూసి ఏమంటారో అని భయం. ఇంత రాశావు గానీ నాకు మాత్రం ఆ నాలుగు రోజులు నువ్వొక్కదానివే ఉంటావన్న ముక్క దగ్గరే మనసు ఆగిపోయింది. సరే, రంగుల సంగతే ముందు చెప్తాలే.

మేం 2007లో పియోరియా వచ్చాం, ఇల్లినాయి రాష్ట్రం. ఆ పక్కనే మోర్టన్ అని చిన్న ఊరు, ప్రపంచానికే గుమ్మడికాయల రాజధాని మాదే అని చెప్పుకుంటారు, లిబ్బీస్ బ్రాండు డబ్బాల్లో అమ్మే గుమ్మడికాయ గుజ్జు తయారయ్యేది అక్కడే. తమాషా ఏంటంటే ఆ డబ్బాల్లోకి వెళ్లే కాయ నారింజ రంగులో ఉండదు, ముదిరిన సొరకాయలా లేత గోధుమ రంగులో ఉంటుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది అనుకో. అప్పటికి నాకు తెలిసిన పియోరియా అంటే అపార్ట్‌మెంటు, కిటికీ, కిటికీలోంచి పార్కింగ్ లాట్. ఒకటే కారు, అది ఈయన తీసుకెళ్లేవారు. సాయంత్రం ఏడింటికి ఫోన్ కార్డు గీకి తెనాలి చేస్తే అక్కడ తెల్లారి అయిదున్నర, అమ్మ పాలు కాచుకుంటూ మాట్లాడేది, పాలు పొంగితే ఫోన్ పక్కన పెట్టేసేది, నా నిమిషాలు అయిపోతుండేవి. మీకిప్పుడు వాట్సాప్ ఉంది, ఊబర్ ఉంది, ఏం చేయాలన్నా యూట్యూబ్ ఉంది. మేం అవేమీ లేకుండానే నెట్టుకొచ్చాం, ఊరికే చెప్తున్నాలే.

మావాడికి అయిదేళ్లు, కిండర్‌గార్టెన్. హాలోవీన్ అని స్కూల్ నుంచి కాగితం వస్తే, సరే మనమూ ఏదో చేద్దాం అని రంగులు కొనుక్కొచ్చా. మన చిన్నప్పటి వాటర్ కలర్ పెట్టెలాంటిదే అనుకున్నా, ఎండినా నీళ్లు తగిలితే కరిగిపోతుంది కదా అని. అక్రిలిక్ అలా కాదమ్మా. తడిగా ఉన్నంతసేపే నీ మాట వింటుంది, పల్చగా వేస్తే పది ఇరవై నిమిషాల్లో ఎండిపోయి ప్లాస్టిక్ పొరలా కూర్చుంటుంది, ఆ తర్వాత గంగలో ముంచినా రాదు. నేను ఆ రంగులన్నీ ఇండియా నుంచి మోసుకొచ్చిన స్టీలు పళ్లెంలో పిండా! పేపర్ ప్లేట్లో పిండుకో, అయిపోయాక పారెయ్. బ్రష్షులు గ్లాసు నీళ్లలో వదిలేసి పడుకుంటే తెల్లారేసరికి కుచ్చులన్నీ పాత చీపురులా పక్కకి వంగిపోయాయి.

అసలు తప్పు అది కాదు. రాత్రి బొమ్మ కదా అని కాన్వాస్ మొత్తం ముందు నలుపు పూయించేశా. అది ఆరకముందే వాడు చందమామ వేస్తానని తెల్లరంగు ముంచి గుండ్రంగా తిప్పాడు, అది కాస్తా నలుపుతో కలిసి బూడిదయింది, ఇంకా తెలుపు వేశాం, ఇంకా బూడిద. వాడు బ్రష్ పడేసి "అమ్మా, చందమామకి జొరం వచ్చింది" అని ఏడుపు. ఆ పడేసిన బ్రష్ ఎక్కడ పడిందనుకున్నావ్, లేత రంగు కార్పెట్ మీద. నేను వేడినీళ్లు, సబ్బు పొడి వేసి బరబరా రుద్దా, రూపాయంత మచ్చ రొట్టెంత అయింది. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్లో 180 డాలర్లు కోశారు. డాలరు నలభై రూపాయలున్న రోజులు, నేను ఏడు వేలు అని లెక్క కట్టుకుని రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. తడిగా ఉండగానే గుడ్డతో అద్ది తీసి, చన్నీళ్లూ కాస్త గిన్నెలు తోమే సబ్బూ పెడితే చాలావరకు పోయేదట. బట్టల మీద ఎండిపోతే రబ్బింగ్ ఆల్కహాల్ కొంత పనిచేస్తుంది. వీటన్నిటికంటే సుఖం ఏంటంటే వంటింటి గచ్చు మీద పాత దుప్పటి పరిచి కూర్చోబెట్టడం, మీ ఆయన పాత చొక్కాలు గుండీలు వీపు వైపు వచ్చేలా పిల్లలకి తొడగడం.

ఇక ఆ హాలోవీన్ రాత్రి సంగతి విను. పెద్ద సంచీ చాక్లెట్లు కొని, గిన్నెలో పోసుకుని, వాడికి దుప్పటి కప్పి దెయ్యం వేషం వేసి, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాం. కింద పిల్లలు తిరుగుతున్నారు, నవ్వులు వినిపిస్తున్నాయి. ఒక్కరు కూడా మెట్లెక్కి రాలేదు. ఎనిమిదిన్నర దాకా చూసి, వీళ్లకి మనం నచ్చలేదు కాబోలు అనుకుని లోపలికొచ్చేశా. వాడు నిద్రపోయాక నేనెంత ఏడ్చానో ఈయనకి కూడా ఇప్పటిదాకా తెలీదు. ఆ చాక్లెట్లు సంక్రాంతి దాకా తిన్నాం. నెల తర్వాతెప్పుడో కింద ఫ్లాట్ పెద్దావిడ లాండ్రీ రూమ్‌లో మాటల్లో చెప్పింది, గుమ్మం లైటు వెలుగుతుంటేనే పిల్లలు వస్తారు, ఆర్పేసి ఉంటే మా ఇంటికి రావద్దు అని అర్థమట. నేనేమో కరెంటు వేస్టని ఎప్పుడూ ఆర్పే ఉంచేదాన్ని! నెలరోజులు వాళ్ల మీద అలిగి కూర్చున్నా, తీరా రావద్దన్నది నేనే.

ఆవిడే బొమ్మ చూసి ఎలా వేయాలో కూడా చెప్పింది, ఏళ్ల తరబడి చేసి చేసి ఇప్పుడు నాకూ చెయ్యి తిరిగింది. లేత రంగు ముందు, నలుపు ఆఖరున. 8 ఇంటూ 10 అంగుళాల కాన్వాస్ ప్యానెల్, అంటే కాన్వాస్ గుడ్డ అంటించిన గట్టి అట్ట, చాలు, పెద్దది కొంటే నాలుగేళ్ల వాడు సగంలోనే లేచిపోతాడు. ఒక గ్లాసు బోర్లించి పెన్సిల్‌తో గుండ్రం గీయి, లోపల తెలుపులో కాస్త పసుపు కలిపి పూయించు, అదే చందమామ. దాని చుట్టూ పసుపు, ఆ బయట నారింజ, ఆ బయట ఊదా, మూలలకి పోయేకొద్దీ చీకటి. బ్రష్‌తో కాకుండా స్పాంజి ముక్కతో అద్దిస్తే పిల్లలకి ఈజీ, రంగులు కూడా ఒకదాన్లోకి ఒకటి కలుస్తాయి. నారింజ కలుపుకోవాలంటే పసుపులో ఎరుపు చుక్కచుక్కగా వెయ్యి, ఎరుపులో పసుపు పోశావా సీసా అయిపోతుంది గానీ నారింజ రాదు. ఊదా మాత్రం కొనేసుకో, మామూలు ఎరుపూ నీలం కలిపితే నాకు ఎప్పుడూ మట్టిరంగే వచ్చింది. ఇక్కడ ఆపి, హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టి, పాలూ బిస్కెట్లూ ఇచ్చెయ్. తొందరపడితే నీ చందమామకీ జొరమే.

ఆరాక నల్లరంగు సీసా బయటికి తియ్యి. పాపతో కొండా, కొంపా వేయించు, కిటికీలకి ఇయర్‌బడ్‌తో పసుపు చుక్కలు పెట్టించు. మోడు చెట్టుకి ఒక ఉపాయం ఉంది, నలుపులో నీళ్లు కలిపి ఒక చుక్క కింద వేసి, స్ట్రాతో పైకి ఊదమను, రంగు పరిగెత్తి దానంతటదే కొమ్మలవుతుంది, ఊదడమే తప్ప పీల్చకూడదని పదిసార్లు చెప్పు. బాబు అరికాలికి తెలుపు పూసి కాన్వాస్ మీద అద్దించి తిరగేస్తే మడమ తలకాయ, వేళ్లు కిందకి వేలాడే తోకలు, దెయ్యం రెడీ. కృష్ణాష్టమికి గుమ్మంలో పాదాలు వేస్తాం చూడు, అలాగే. ఎండేలోపు వెంటనే కాలు కడిగెయ్. మావాడి అయిదేళ్ల పాదం నా దగ్గర లేదు, ఆ ఏడు నాకీ ఉపాయం తెలీదు.

అత్తగారి సంగతంటావా, మన ఇళ్ల ముందు బూడిదగుమ్మడికాయకి గుడ్లూ కోరలూ గీసి వేలాడదీస్తామే, అదేంటి మరి? దిష్టికి అని చెప్పు, నోరెత్తరు. మేం చిన్నప్పుడు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని సుద్దముక్కతో రాసుకుని పడుకున్నవాళ్లమే కదా. 2024లో దీపావళీ హాలోవీనూ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి, మా గుమ్మంలో పైన దెయ్యం బొమ్మ, కింద ప్రమిదలు, వచ్చిన పిల్లలు చాక్లెట్లు వదిలేసి దీపాల చుట్టూ చేరారు.

పిల్లలు ఏ టైంలో తిరగాలో మీ ఊరి వెబ్‌సైట్లో పెడతారు, స్కూల్లో వేషాలకి రూల్స్ టీచర్ని అడుగు, రంగు సీసా మీద నాన్ టాక్సిక్ అని ఉందో లేదో చూసుకో, అవన్నీ నేను రాయక్కర్లేదు. రాయాల్సింది ఇది. కాన్వాసులు రెండు కొనకు, ఆరు కొను. బస్టాప్ దగ్గర రోజూ కనిపించే అమ్మని పిలువు, ఇంగ్లీష్ రాదని ఆగిపోకు, నా ఇంగ్లీష్ చూసి ఎవరూ పారిపోలేదు. పిల్లలకి వేరుశనగ, జీడిపప్పు పడతాయా అని ఒక్కమాట అడిగి, పులిహోర చేసి పెట్టు. ఇల్లు సర్దాక పిలుస్తా, సోఫా వచ్చాక పిలుస్తా అనుకుంటూ నేను రెండేళ్లు పోగొట్టుకున్నా.

మావాడు ఇప్పుడు సియాటిల్లో ఉద్యోగం, ఆదివారం ఫోన్ చేస్తాడు, అదీ గుర్తుంటే. ఆ బూడిద చందమామ మా వాషింగ్ మెషీన్ పైన గోడకి ఇంకా ఉంది. నువ్వు ఏ ఊర్లో ఉంటున్నావో రాయలేదు. ఇల్లినాయే అయితే చెప్పు, నల్లరంగు సీసాలు నాలుగు, కాన్వాసులు ఒక అరడజను ఊరికే పడున్నాయి, శనివారాలు నాకు పెద్దగా పనేం ఉండదు.