గడ్డి గ్యాస్ చదువు మంచిదేనా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. దివాకరపల్లిలో గడ్డితో గ్యాస్ తీసే ప్లాంటుకు శంకుస్థాపన జరిగినప్పటి నుంచి 'బయో ఎనర్జీ చదువుతా' అంటోంది. ఉద్యోగం వస్తుందా అని మాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: గోబర్ గ్యాస్ తొట్టి మీరు చూసే ఉంటారు. పేడ, నీళ్లు సమంగా కలిపి పోస్తే, గాలి తగలని చోట సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టి గ్యాస్ వదులుతాయి. అందులో సగానికి పైగా మీథేన్ అనే మండే వాయువే. పొయ్యి మీద ఆ నీలం మంట దానిదే. 2025 ఏప్రిల్‌లో దివాకరపల్లిలో శంకుస్థాపన చేసిన రిలయన్స్ ప్లాంటు పనీ అదే, కాకపోతే పేడ బదులు నేపియర్ గడ్డి. వచ్చిన గ్యాస్‌లోంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసి మీథేన్‌ను 90 శాతం దాటిస్తే సీఎన్‌జీ బండ్లకు పోయొచ్చు.

పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ ఇంకో దారి. చెరుకు మడ్డి, నూకలు, మొక్కజొన్న పులియబెట్టి తీస్తారు. పానిపట్‌లో 2022 నుంచి వరిగడ్డితో తీసే ప్లాంటు కూడా ఉంది. నెల్లూరు వైపు కోత మిషన్ వెళ్లాక మళ్లలో మిగిలే గడ్డిని చూసినప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

ఇక చదువు. డిగ్రీలోనే 'బయో ఎనర్జీ' అని పేరున్న కోర్సు వెతకొద్దు. మరీ ఇరుకు దారి, పైగా ఒక ప్లాంటులో ఇంజినీర్లు కొందరే ఉంటారు. కెమికల్ ఇంజినీరింగ్ తీసుకోమనండి. ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, తిరుపతి ఎస్వీయూలోనూ ఉంది. ఈ రంగం అచ్చిరాకపోయినా మందుల కంపెనీలు, రిఫైనరీలు ఉంటాయి. పొలం మీద మనసుంటే బాపట్లలో వ్యవసాయ ఇంజినీరింగ్. బయో ఎనర్జీ మీద గురి తర్వాత గేట్ రాసి ఎంటెక్‌లో పెట్టొచ్చు. పంజాబ్‌లోని కపూర్తలాలో దీనికోసమే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది.

ఒక మాట మాత్రం దాచను. ప్లాంటు నడవాలంటే ఏడాది పొడవునా గడ్డి రావాలి, గడ్డికి నీళ్లు కావాలి. మీ మెట్టలో ఆ కష్టం మీకు నేను చెప్పాలా?

అమ్మాయి చేత ఒక పని చేయించండి. పాత నీళ్ల సీసాలో పేడనీళ్లు సగం పోసి, మూతికి బుడగ బిగించి ఎండ పొడలో పెట్టమనండి. మంట మాత్రం దగ్గరికి తేవద్దు. బుడగ ఉబ్బడానికి రోజులు పడుతుంది. అన్నాళ్లూ రోజూ చూసి నోట్సు రాసుకుంటే కెమికల్‌కు ఆప్షన్ పెట్టించండి. రెండో రోజుకే విసుగేస్తే, ఊళ్లో అందరూ పెట్టే కంప్యూటర్ సైన్సే (సీఎస్‌ఈ) పెట్టుకోనివ్వండి.